వేలిముద్ర పడకపోతే పింఛను ఆగాలా?

పింఛన్లు, రేషన్, అంగన్‌వాడీ, ఆరోగ్య సేవలపై పాఠకులు పంపే ప్రశ్నలకు, నల్లగొండ జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరైన మా కాలమిస్టు జవాబులు

ప్రశ్న: అమ్మా, మా నాన్నకు ఫ్లోరోసిస్, నీళ్లలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు. చేతివేళ్లు వంకర పోయాయి, నడుము వంగిపోయింది. వికలాంగుల పింఛను వస్తుంది. రెండు నెలలుగా మిషన్ మీద వేలు పడడం లేదని ఉత్త చేతులతో పంపుతున్నారు. ఆధార్ అప్‌డేట్ చేయించుకు రమ్మంటున్నారు. మంచం దిగలేని మనిషిని ఎక్కడికని మోసుకుపోవాలి?
– ఒక పాఠకుడు, మర్రిగూడ మండలం

జవాబు: తమ్ముడూ, పింఛను మీ నాన్న హక్కు. వేలిముద్ర ఆయన్ని గుర్తుపట్టడానికి పెట్టుకున్న ఒక దారి, అంతే. అది మూసుకుపోతే ఇంకో దారి చూపాల్సింది డబ్బులిచ్చేవాళ్లే. వేలిముద్ర కలవలేదన్న సాకుతో అర్హులకు రావాల్సింది ఆపకూడదని 2018 సెప్టెంబర్ 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అంతకు ముందు ఏడాదే, 2017 అక్టోబర్ 24న, ఆధార్ సంస్థ అన్ని శాఖలకూ సర్క్యులర్ పంపింది. ఒక వేలు పడకపోతే ఇంకో వేలు, అదీ కాకపోతే కంటిపాప, లేదంటే ఫోన్‌కి ఓటీపీ, ఏదీ కుదరకపోతే ఆధార్ కార్డు చూసి రిజిస్టర్‌లో రాసుకుని ఇవ్వాలి. ఈ రెండు తేదీలూ ఒక కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. కౌంటర్ దగ్గర తేదీ చెప్పి మాట్లాడే మనిషికి, బతిమాలే మనిషికి వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి.

ఇంకో పని చేయండి. ఈసారి "పడలేదు" అనగానే వెనక్కి రాకుండా, తెరమీద ఏ నంబర్ వచ్చిందో అడగండి. 300 అని వస్తే వేలిముద్ర పోలలేదని అర్థం. 330 అయితే ఆయన ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ అయి ఉందన్నమాట, దాన్ని తెరిపిస్తే చాలు. 811 అయితే ఆధార్ రికార్డులో ఆ బయోమెట్రిక్కే లేదు, అప్పుడే అప్‌డేట్ అవసరం. నెట్ లేకపోవడం, సర్వర్ డౌన్ కావడం వీటికి సంబంధం లేని గొడవ. వాటికి మీ నాన్న వేళ్లను తప్పు పట్టడానికి వీల్లేదు. ఆ మూడు నంబర్లకూ మందు వేరువేరు. అన్నింటికీ కలిపి "ఆధార్ అప్‌డేట్" అని పంపేయడం వల్లే ముసలివాళ్లు ఆటోలకు డబ్బులు పోసుకుంటున్నారు. నిజంగానే అప్‌డేట్ కావాలంటే, మంచాన పడ్డవాళ్లకు ఇంటికే వచ్చి చేసే సేవ ఉంది. 1947కి ఫోన్ చేసి అడగండి, ఫీజు ఉంటుంది.

వేళ్లు అసలే పడనివాళ్లకు పంచాయతీ కార్యదర్శి ధ్రువీకరణతో పింఛను ఇచ్చే పద్ధతి మన దగ్గర ఉంది. ఈమధ్య పోస్టాఫీసుల్లో ముఖం చూసి గుర్తుపట్టే యాప్ కూడా పెట్టారు. అది ఫోన్‌లో నడిచేది కాబట్టి పోస్టు సిబ్బందిని ఇంటికి రమ్మని అడగొచ్చు. ఎముకలు బిగుసుకుపోయిన మనిషి తల పైకెత్తలేడు, అందుకని ఫోన్‌ని ఆయన ముఖం ఎత్తుకే దించి పట్టమనండి. ఇవన్నీ అడుగుతూ ఎంపీడీవోకి ఒక అర్జీ రాసి, రసీదు తీసుకోండి.

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు ఆ చేతులు నాకు బాగా తెలుసు. మోచెయ్యి పూర్తిగా చాపుకోదు. వేలు అద్దం మీద చదునుగా ఆనదు, కొస మాత్రమే తగులుతుంది. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. పటిక, సున్నం కలిపి తేర్చే ఆ 'నల్లగొండ టెక్నిక్' 1970ల నాటిది. ఈ చేతుల సంగతి ప్రభుత్వానికి కొత్త కాదు. అంతెందుకు, మీ నాన్న ఒంటి పరిస్థితి, వైకల్యం ఎంతో తేల్చే సదరం క్యాంపులో డాక్టర్లు చూసి కంప్యూటర్‌లో ఎక్కించిందే, దాన్ని బట్టే ఆయనకు పింఛను వచ్చింది. ఆయన చేతులు ఎలా ఉంటాయో ఒక ఆఫీసు కంప్యూటర్‌కి తెలుసు. డబ్బులిచ్చే మిషన్‌కి మాత్రం తెలియదు. శాఖల రికార్డులను కలపడం అంటే నాకు ముందు ఇదే కావాలి. ఆయన పేరు తెరమీదికి రాగానే "వేలు అడగొద్దు, ముఖం చూడండి" అని మిషనే చెప్పాలి. ఇది పెద్ద ఖర్చయ్యే పని కాదు.

ప్రశ్న: అక్కా, మా ఆయన రైస్‌మిల్లులో హమాలీ. మా పేరు మీద కారు ఉందని చెప్పి కొన్నేళ్ల కింద రేషన్ కార్డు తీసేశారు. మాకు సైకిల్ తప్ప ఏమీ లేదు. ఎవరిని అడిగినా "కంప్యూటర్‌లో అలాగే ఉంది" అంటారు. ఇప్పుడు కొత్త కార్డుకి పెట్టుకోవాలా, పాతదాని వెంట పడాలా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: చెల్లీ, రెండూ చేయాలి. కొత్తదానికి పెట్టుకోండి. కానీ పాతది ఎందుకు పోయిందో తేలకపోతే, ఆ లేని కారే రేపు కొత్త అర్జీకీ అడ్డం పడుతుంది.

మన రాష్ట్రంలో 'సమగ్ర వేదిక' అని ఒక ఏర్పాటు ఉంది. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తిపన్ను, కరెంటు కనెక్షన్, ఇలా వేరువేరు శాఖల రికార్డుల్లోని మనుషులను పేరు, అడ్రస్‌ల పోలికను బట్టి కలిపి చూస్తుంది. ఇలాంటి లెక్కలతో 2016 నుంచి పోయిన రేషన్ కార్డుల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. దాదాపు 19 లక్షల కార్డులు. ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. చూస్తే వేల కుటుంబాలు అర్హులేనని తేలింది.

పేర్ల పోలిక మన దగ్గర ఎంత ప్రమాదమో మిర్యాలగూడ మనిషికి నేను చెప్పాలా? జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కుకుని పిల్లలకు పేర్లు పెట్టే ప్రాంతం మనది. ఒక్కో ఊళ్లో ఎంతమంది సైదులు, ఎంతమంది సైదమ్మలు! ఇంటిపేరు ఒకటే, తండ్రి పేరు కూడా ఒకటే ఉన్నవాళ్లు దొరుకుతారు. ఇంటి నంబర్లు తడకకి ఒకటి, మేడకి ఒకటి అని సరిగ్గా ఉండవు. నేను అంగన్‌వాడీ సర్వే రిజిస్టర్లు చూసే రోజుల్లో ఒకే వాడలో ఒకే పేరున్న తల్లులు ఎదురైతే టీచర్లు పక్కన "బావి కాడి సైదమ్మ", "కిరాణం సైదమ్మ" అని పెన్సిల్‌తో రాసుకునేవాళ్లు. ఆ పెన్సిల్ గుర్తు కంప్యూటర్‌లోకి ఎక్కదు. పాలమూరు దిక్కు పోతే కురుమూర్తి స్వామి పేరుతో కురుమయ్యలదీ ఇదే కథ.

మీరు చేయాల్సింది: తహసీల్దార్ ఆఫీసులో సమాచార హక్కు అర్జీ పెట్టండి. మండల స్థాయిలో ఫీజు 5 రూపాయలు. ఒకే ఒక ప్రశ్న రాయండి: "నా కార్డు రద్దుకు కారణమైన వాహనం నంబర్ ఏమిటి, ఆ నిర్ణయానికి ముందు మా ఇంటికి ఎవరు, ఏ తేదీన వచ్చి చూశారు?" 30 రోజుల్లో జవాబివ్వాలి. బండి నంబర్ చేతికొస్తే రవాణా శాఖ ఆఫీసులో అది ఎవరిదో తేల్చుకోవచ్చు. ఆ కాగితంతో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి, రసీదు లేకుండా అర్జీ ఇవ్వకండి. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం జిల్లాకు ఒక ఫిర్యాదుల అధికారి, రాష్ట్రానికి ఒక ఫుడ్ కమిషన్ ఉండాలి. జిల్లాలో పని కాకపోతే కమిషన్‌కి రాయండి.

ఈ విషయంలో నా మాట ఎప్పుడూ ఒకటే. ఒక మనిషిని పథకంలో చేర్చడానికి కంప్యూటర్ సాక్ష్యం సరిపోతుందేమో కానీ, తీసేయాలంటే మాత్రం ఒక ఉద్యోగి గడప దాకా రావాలి. ముందుగా నోటీసు ఇవ్వాలి, ఎందుకో చెప్పాలి, జవాబు చెప్పుకోవడానికి గడువు ఇవ్వాలి. డబ్బున్న దేశాలు కూడా ఇక్కడే బోల్తా పడ్డాయి. నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణకు ఇచ్చే సాయంలో మోసం పట్టుకుంటామని వేల కుటుంబాలను తప్పుగా దొంగల్ని చేశారు. వాళ్లు అప్పుల్లో కూరుకుపోయారు. చివరికి 2021 జనవరిలో అక్కడి ప్రభుత్వమే రాజీనామా చేసింది. మిల్లులో రోజంతా బియ్యం బస్తాలు మోసే మనిషి ఇంటికి బియ్యం ఆపాలంటే, ఆపే ముందు ఒకసారి ఆ ఇల్లు చూసి రావడం ఎక్కువ అడగడం కాదు.

ప్రశ్న: మేము నారాయణపేట దగ్గరి వాళ్లం, ముంబైలో కట్టడం పనిలో ఉన్నాం. ఊళ్లో అమ్మ, పిల్లలు ఉంటారు. మా ఇద్దరి బియ్యం ఇక్కడ తీసుకోవచ్చా? తీసుకుంటే అక్కడ వాళ్లకు ఆగిపోతుందని భయం.
– ఒక పాఠకుడు, ముంబై

జవాబు: తీసుకోవచ్చు తమ్ముడూ, అమ్మకు ఆగదు. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పద్ధతిలో మీ వాటా మీరు అక్కడ, వాళ్ల వాటా వాళ్లు ఇక్కడ తీసుకోవచ్చు. ఇది మొదలైందే మన రెండు తెలుగు రాష్ట్రాల మధ్య, గుజరాత్-మహారాష్ట్ర మధ్య, 2019 ఆగస్టులో. 2022 జూన్‌కి దేశమంతా వచ్చింది. కార్డు నంబర్ గానీ ఆధార్ నంబర్ గానీ చెప్పి వేలు పెడితే చాలు, కార్డు వెంట ఉండక్కర్లేదు. రెండు సంగతులు చూసుకోండి. మీ కార్డు కేంద్రం ఆహార భద్రత లెక్కలో ఉండాలి, రాష్ట్రం సొంతంగా ఇచ్చే కార్డులకు ఇది పనిచేయదు. కార్డులో మీ ఇద్దరి పేర్లకూ ఆధార్ ఎక్కి ఉండాలి. ఊళ్లో డీలర్‌ని అడిగితే చెప్తాడు. ఇక్కడ మనిషికి ఇచ్చే 6 కిలోల్లో కేంద్రం వాటా 5 కిలోలే అక్కడ వస్తుంది, మన సన్నబియ్యం అక్కడ ఉండదు. ఎవరైనా లేదు పొమ్మంటే 14445కి ఫోన్ చేయండి.

పాలమూరు వలస కూలీలకు కంప్యూటర్ చేసిన మేలు ఏదంటే నేను మొదట దీన్నే చెప్తాను. ఇంతకుముందు ముంబై పోయినవాళ్ల బియ్యం ఎవరి కడుపులోకి పోయేదో ఊరందరికీ తెలుసు.

ప్రశ్న: మేడమ్, నేను అచ్చంపేట వైపు తండాలో అంగన్‌వాడీ టీచర్‌ని. పోషణ్ ట్రాకర్ యాప్‌లో తల్లి ముఖం పడితేనే పిల్లల ఆహారం బాలామృతం పాకెట్ ఇచ్చినట్టు లెక్క. తల్లి ఆధార్‌కి భర్త నంబర్ ఉంటుంది, ఆయన హైదరాబాద్‌లో. ఓటీపీ అక్కడికి పోతుంది. సిగ్నల్ కోసం గుట్ట ఎక్కుతున్నాం. తల్లులు నన్నే తిడుతున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక టీచర్

జవాబు: బిడ్డా, తల్లుల కోపం నీ మీద కాదు. పాకెట్ నీ చేతిలో ఉంది కాబట్టి మాట నీకు తగులుతోంది.

2025 జూలై 1 నుంచి ముఖం గుర్తింపు తప్పనిసరి చేశారు. ఓటీపీ మొదటిసారి ఈకేవైసీకే, అంటే ఆధార్‌తో వివరాలు సరిచూడడానికే కావాలి, తర్వాత నెలనెలా ముఖం ఒక్కటే. కాబట్టి ఆ మొదటి గండం దాటించే మార్గం చూడు. ఆధార్‌కి తల్లి సొంత నంబర్ ఎక్కించాలి. దానికి పట్నం పోనక్కర్లేదు, పోస్ట్‌మ్యాన్ దగ్గరే మొబైల్ నంబర్ మార్చుకునే సేవ ఉంది. తండాకి ఒక రోజు చెప్పి, అందరినీ కూర్చోబెట్టి ఒకేసారి చేయించు. భర్తకు ఫోన్ చేసి ఓటీపీ చెప్పించుకోవడం మాత్రం అలవాటు చేయకు. రేపు ఇంకెవరో "అంగన్‌వాడీ నుంచి మాట్లాడుతున్నా" అని ఫోన్ చేస్తే అతను చెప్పేస్తాడు, ఖాతా ఖాళీ అవుతుంది. గర్భిణికి, బాలింతకు, ఆరు నెలలు నిండిన బిడ్డకు ఆహారం చట్టం ఇచ్చిన హక్కు. యాప్ తెరుచుకోలేదని బిడ్డను ఉత్త చేతులతో పంపకు. ఎవరికి, ఏ తేదీన, ఎందుకు పడలేదో రిజిస్టర్‌లో రాసి, ఆ పేజీ జిరాక్స్‌తో సూపర్‌వైజర్‌కి, ఆమె పై అధికారి సీడీపీవోకి రాతపూర్వకంగా పంపు. నోటిమాట నిన్ను కాపాడదు.

ఫోన్‌ని పూర్తిగా తిట్టను. మాకు పదకొండు రిజిస్టర్లు ఉండేవి, ఒకే బిడ్డ బరువు రెండు మూడు చోట్ల రాసేవాళ్లం. అయినా అసలు దొరకాల్సిన బిడ్డ దొరికేది కాదు. దేవరకొండ కోడలు కాన్పుకు కల్వకుర్తి పుట్టింటికి పోతుంది. అక్కడి ఏఎన్ఎమ్మ పుస్తకంలో బిడ్డ పేరు "పాప" అని ఉంటుంది, ఎందుకంటే ఇంకా పేరు పెట్టలేదు. ఐదో నెలలో అత్తారింటికి వచ్చేసరికి అక్కడ టీకాలు ఎన్ని పడ్డాయో ఇక్కడ తెలియదు. ఇక్కడి టీచర్ తూచి తక్కువ బరువని రాసుకుంటుంది, అది పుట్టుకతోనే తక్కువో మధ్యలో తగ్గిందో తేలదు. పుట్టినప్పుడు రెండున్నర కిలోలుండి ఇప్పుడు తగ్గిన బిడ్డకు, పుట్టుకే కిలోన్నర ఉన్న బిడ్డకు చూడాల్సిన తీరు వేరు. పోషణ్ ట్రాకర్‌లో ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి తల్లీబిడ్డల పేర్లు బదిలీ చేసే వీలుంది. దాన్ని వాడు. పుట్టింటికి పోతున్న ప్రతి గర్భిణిని ఆ ఊరి టీచర్‌కి బదిలీ చేసి, ఆ టీచర్‌తో ఒకసారి ఫోన్‌లో కూడా మాట్లాడు. ముఖం ఫొటో కన్నా ఈ పని వెయ్యి రెట్లు విలువైనది. పైవాళ్లు నెలనెలా దీని లెక్క అడిగితే బాగుండును.

ప్రశ్న: మేడమ్, మహబూబ్‌నగర్‌లో బీటెక్ చివరి సంవత్సరం చదువుతున్నాను. పింఛను, రేషన్, ఆరోగ్యశ్రీ, స్కాలర్‌షిప్ అన్నీ ఒకే యాప్‌లోకి తెచ్చే ప్రాజెక్టు చేస్తున్నాం. మా టీమ్ ఏం గుర్తుంచుకోవాలి?
– ఒక విద్యార్థి

జవాబు: సంతోషం బాబూ. ముందు మీ జిల్లా సంగతి ఒకటి చెప్తాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అప్పుడు ఆపరేషన్‌కి పోయే మనిషిని కొత్తగా ఏ సర్టిఫికెట్ తెమ్మనలేదు, తెల్ల రేషన్ కార్డు ఉంటే చాలన్నారు. ఒక శాఖ తేల్చిన విషయాన్ని ఇంకో శాఖ నమ్మడం అంటే అది. కష్టంలో ఉన్నవాడికి ఒక తిరుగుడు తప్పింది.

ఆ నమ్మకం తర్వాత ఎందుకో నిలవలేదు. 2014 ఆగస్టు 19 సమగ్ర సర్వేకి ముంబై, పుణె నుంచి మీ పాలమూరు జనం బస్సులెక్కి వచ్చి పేర్లు రాయించుకున్నారు. 2023 డిసెంబర్ చివర ప్రజాపాలన దరఖాస్తుల్లో మళ్లీ అవే వివరాలు, అవే జిరాక్సులు. 2024 నవంబర్‌లో ఇంటింటి సర్వేలో మళ్లీ. ఎస్తోనియా అనే చిన్న దేశం 2001లోనే శాఖలన్నీ ఒకదాన్నొకటి అడిగి తెలుసుకునే ఏర్పాటు చేసుకుంది. ఒకసారి ఇచ్చిన వివరం పౌరుణ్ని మళ్లీ అడగకూడదని అక్కడి నియమం. 2019 నుంచి బిడ్డ పుట్టినట్టు నమోదైతే చాలు, రావాల్సిన సాయం సంగతి ప్రభుత్వమే తల్లిదండ్రులకు చెప్తుంది. ఆ దేశం జనాభా 13 లక్షల పైచిలుకు. 2011 లెక్కల ప్రకారం ఇప్పటి నల్లగొండ జిల్లా జనాభాయే 16 లక్షలు దాటింది. మనకంటే చిన్నది, డబ్బున్నది, నిజమే. కానీ ఒక జిల్లాలో చేసి చూడలేనంత పని కాదు.

మీ యాప్ ఏం చేయాలో ఒక్క ఉదాహరణ చెప్తాను. పింఛను తీసుకునే ముసలాయన చనిపోతాడు. మరణం నమోదవుతుంది, పింఛను ఆగుతుంది. ఆగడం న్యాయమే. అదే మరణం రికార్డు చేతిలో ఉన్నా, ఆయన భార్యకు రావాల్సిన పింఛను మాత్రం దానంతట అది రాదు. ఆమె మరణ ధ్రువీకరణ పత్రం తీసుకుని, అర్జీ పెట్టి, ఎదురుచూడాలి. చదువు రాని మనిషి, కర్మకాండల అప్పు నెత్తిన ఉన్న మనిషి. నేను చూసినవాళ్లలో నెలల తరబడి ఈ కాగితాల చుట్టూ తిరిగినవాళ్లున్నారు, అడగాలని తెలియక ఊరుకున్నవాళ్లూ ఉన్నారు. ఆపడానికి పనికొచ్చిన సమాచారం ఇవ్వడానికి ఎందుకు పనికిరాదు? మీ టీమ్ ఈ ఒక్క లింకు పని చేయించి చూపిస్తే, మిగతా యాప్ లేకపోయినా నాకు చాలు.

మన నల్లగొండలోనే జరిగిన ఒక పరీక్ష గురించి కూడా చదువుకోండి. 2010-12 మధ్య ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ కూలీలకు, పింఛన్లకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, ఇంకొందరు ఆర్థికవేత్తలు నల్లగొండతో సహా ఎనిమిది జిల్లాల్లో దాన్ని పరిశీలించి 2016లో ఫలితాలు ప్రచురించారు. కూలీ డబ్బులు త్వరగా అందాయి, డబ్బుల కోసం పడిగాపులు తగ్గాయి, మధ్యలో కారిపోయేది బాగా తగ్గింది. చాలామంది ఇంతవరకే చెప్తారు. కార్డు ఇంకా రానివాళ్లకు కూడా పాత పద్ధతిలో డబ్బులు ఇస్తూనే ఉన్నారన్నది వదిలేస్తారు. నా దృష్టిలో ఆ మార్పును జనం అంగీకరించడానికి అదే పెద్ద కారణం.

స్కాలర్‌షిప్ గురించి మీకే ఎక్కువ తెలుసు, నేను చెప్పను. ఆరోగ్యం వివరాల విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. ఒక ఆడమనిషికి ఏ జబ్బుందో రేషన్ డీలర్ తెరమీద కనిపించే అవసరం లేదు. ఎవరి పనికి ఎంత కావాలో అంతే కనబడాలి. ఎవరు, ఎప్పుడు తన రికార్డు తెరిచారో ఆ మనిషికి తెలియాలి. ఊరికి తెలియాల్సింది వేరే ఉంది: డీలర్‌కి ఎన్ని క్వింటాళ్లు వచ్చాయి, ఎన్ని పింఛన్లు మంజూరయ్యాయి, ఎన్ని ఆగాయి. రాజస్థాన్‌లో 2019 సెప్టెంబర్‌లో మొదలైన జన్ సూచన పోర్టల్ ఇలాంటివి ఎవరూ అడగకుండానే ఊరివారీగా బయటపెడుతుంది. ఒకసారి తెరిచి చూడండి, హిందీ తెలిసిన స్నేహితుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

ఇక తెరమీద "ఎర్రర్" అని ఇంగ్లిష్‌లో పెట్టి వదిలేయకండి. ఎందుకు కాలేదో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో, ఎవరిని అడగాలో తెలుగులో రాసిన చీటీ మిషన్‌లోంచి బయటికి రావాలి. చదవలేనివాళ్లకు గొంతుతో చెప్పాలి. ఆ చీటీయే ఎంపీడీవో ఆఫీసులో అర్జీగా చెల్లేటట్టు చూడండి. ప్రాజెక్టు కాలేజీలో చూపించే ముందు, పింఛన్లిచ్చే రోజు ఒక పల్లె పోస్టాఫీసు దగ్గర పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, వెనక్కి తిరిగి వెళ్తున్నవాళ్లతో మాట్లాడండి. మీరు విన్నది రాసి పంపితే వచ్చే సంచికలో వేయిస్తాను.